మహానందిలో నా అలైనర్లు పోయాయి!

ఈమధ్య నేను "స" అన్నప్పుడల్లా ఈల వస్తోందని చాలామంది పట్టేశారు. కారణం ఇదిగో, ఈ ప్లాస్టిక్ తొడుగు. క్లియర్ అలైనర్ అంటారు. వంకర పళ్లని కొంచెం కొంచెంగా జరుపుతుంది. రోజుకి 20 నుంచి 22 గంటలు నోట్లోనే ఉండాలి. తినేటప్పుడు, బ్రష్ చేసేటప్పుడు మాత్రమే తీయాలి. ఆ తీసినప్పుడే పోతాయి. నావీ అలాగే పోయాయి.

మొన్న అమ్మని తీసుకుని మహానంది వెళ్లా. నంద్యాల నుంచి సుమారు 15 కిలోమీటర్లు. అక్కడి కోనేరు చూసినవాళ్లకి తెలుసు, అడుగున పడ్డ రూపాయి బిళ్ల కూడా కనిపించేంత తేటనీళ్లు. కానీ నా అలైనర్‌కి రంగే లేదు కదా! నీళ్లలో పడితే ఇక దొరకదని, మునిగినంతసేపూ నోరు గట్టిగా మూసుకున్నా. అంత జాగ్రత్తపడ్డవాణ్ని, అన్నదానం దగ్గర పోగొట్టుకున్నా.

డబ్బా కారులో ఉండిపోయింది. సరేలే అని టిష్యూలో చుట్టి విస్తరి పక్కన పెట్టా. తిన్నాక విస్తరి మడిచి, టిష్యూతో సహా తొట్టిలో వేసేశా. చెయ్యి కడుక్కుంటుంటే గుర్తొచ్చింది. పరిగెత్తుకెళ్లి ఆ విస్తళ్లలో చేతులు పెట్టి వెతుకుతుంటే, ఊడ్చే పెద్దావిడ వచ్చి "ఏం ఎతుకుతాండావు నాయనా?" అంది. పండ్ల సెట్టు అవ్వా, అన్నా. "ఈ వయసుకే కట్టుడు పండ్లా!" అని పాపం తనూ కర్ర తెచ్చి వెతికింది. దొరకలేదు.

డాక్టర్‌కి ఫోన్ చేస్తే మొదట అడిగింది ఒక్కటే: ఎన్నో ట్రే, ఎన్నో రోజు? 9వ ట్రే, నాలుగో రోజు. నాకు రెండు వారాలకో ట్రే. ఇంట్లో 10 ఉంది కదా, అది వేసేసుకుంటానన్నా. వెర్షన్ అప్‌డేట్ అనుకున్నా మరి! వద్దన్నారు. ఒక్కో ట్రే పంటిని దాదాపు పావు మిల్లీమీటరు జరుపుతుంది. పన్ను జరిగే వైపు ఎముక కరగాలి, వెనక వైపు కొత్త ఎముక పట్టాలి. దానికి రోజులు పడతాయి. ట్రే గడువు దాదాపు అయిపోతే డాక్టర్ తర్వాతది వేసుకోమనొచ్చు. నాలాగా మొదట్లోనే పోతే పాతదే దిక్కు. పళ్లు వెనక్కి పోకుండా 8 పెట్టుకుని, కొత్త 9 వచ్చేదాకా ఆగమన్నారు.

ఆ 8 హైదరాబాద్‌లో, నా టేబుల్ డ్రాయర్‌లో ఉంది.

మర్నాడు ఆళ్లగడ్డ మీదుగా అహోబిలం వెళ్లాలి. నాన్న పోయాక అమ్మ ఇల్లు దాటింది ఇదే మొదటిసారి, అక్కడ మొక్కు ఉంది. "నీ పండ్లు ముఖ్యం, ఇంటికి పోదాం పా" అంటుంది కానీ మొహం చూస్తే తెలుస్తోంది. డాక్టర్‌నే అడిగా. ఒక్క రోజుకి కొంపలు మునగవు, వారం మాత్రం చేయొద్దన్నారు. వెళ్లాం. దర్శనం చేసుకుని ఆ రాత్రే బయల్దేరాం.

ఇంటికొచ్చి 8 పెడితే, మొన్నటిదాకా వదులుగా ఉన్నది బిగుసుకుపోయింది. ఒకటిన్నర రోజుకే! రాత్రంతా సలుపు. మీకు అసలు పట్టకపోతే మాత్రం బలవంతంగా నొక్కకండి, డాక్టర్‌కి చూపించండి. ఒకవేళ పోయినది దొరికినా వేడినీళ్లతో కడగొద్దు, వంకర తిరుగుతుంది.

కొత్త 9 రావడానికి రెండు వారాలు పట్టింది. ఇప్పుడు ఆరెంజ్ రంగు డబ్బా జేబులోనే ఉంటుంది, పాత ట్రే బ్యాగులో. టిష్యూ జోలికి పోవట్లేదు. కొత్త ట్రేకి ఎంతయిందో మాత్రం చెప్పను, అమ్మ ఈ వీడియోలు చూస్తుంది. ఉంటానండీ.