పళ్లకూ ఒక హెల్మెట్



మేము బిల్డింగు పనుల్లో సూపర్‌వైజర్లం. పాలిటెక్నిక్‌లో సివిల్ డిప్లొమా చదివి వచ్చినవాళ్లం, డాక్టర్లం కాదు. సేఫ్టీ మీద నాలుగు మాటలు చెప్పమన్నారు. సైటులో రోజూ పాటించే పద్ధతినే, సెలవు రోజు మైదానంలో మనం పట్టించుకోని ఒక చిన్న వస్తువుకు పెట్టి చెబుతాం. ఆ వస్తువు మౌత్‌గార్డ్.

వారమంతా హార్డ్ హ్యాట్ లేకుండా ఎవరినీ సైటులో అడుగు పెట్టనివ్వం. గ్రైండర్ పట్టుకున్నవాడికి కళ్లద్దాలు, ఫేస్ షీల్డ్ ఉన్నాయా అని చూస్తాం. ఆదివారం వచ్చేసరికి అదే మనుషులం పార్కులో కబడ్డీకి దిగుతాం, మూతికి మాత్రం ఏ రక్షణా ఉండదు. కబడ్డీలో ఎదుటివాడి మోచెయ్యి, మోకాలు, తలకాయ సరిగ్గా మన మూతి ఎత్తుకే వస్తాయి. మన పిల్లలు స్కూల్లో ఫుట్‌బాల్ ఆడితే మౌత్‌గార్డ్ లేనిదే గ్రౌండులోకి రానివ్వరు. ఈ దేశంలో హైస్కూలు ఫుట్‌బాల్‌కి అది 1962 నుంచే తప్పనిసరి. సరదాగా ఆడే పెద్దవాళ్లకు ఆ రూలు లేదు గానీ దెబ్బ ఎవరికైనా దెబ్బే.

ఇందులో డబ్బు సంగతి కూడా ఉంది. పనిలో దెబ్బ తగిలితే చాలాచోట్ల కంపెనీ ఇన్సూరెన్స్ చూసుకుంటుంది. ఆటలో తగిలితే ఆ ఖర్చు మనదే. హెల్త్ ఇన్సూరెన్స్ ఉంది కదా, పళ్లకూ ఉన్నట్టే అని చాలామంది అనుకుంటారు. ఇక్కడ పళ్ల ఇన్సూరెన్స్ చాలావరకు వేరుగా తీసుకోవాలి. ఒబామాకేర్ చట్టం తప్పనిసరి అన్న సదుపాయాల్లో పిల్లల దంతవైద్యం ఉంది, పెద్దలది లేదు. ముందు పన్ను ఒక్కటి పోయి ఇంప్లాంట్ వేయించుకోవాలంటే వేల డాలర్లు. అది ఊళ్లో అమ్మానాన్నలకు పంపాల్సిన డబ్బు.

ఇక ఏది కొనాలి అనే విషయం. మూడు రకాలున్నాయి.

మొదటిది రెడీమేడ్. ప్యాకెట్ విప్పి నేరుగా పెట్టుకోవడమే. చవక. కానీ నోటికి సరిగ్గా అతకదు, జారకుండా పళ్లు బిగించి పట్టుకోవాలి. కబడ్డీలో కూతకు వెళ్లినవాడు గుక్క తిప్పుకోకుండా, అంపైరుకు వినబడేలా కూత పెట్టాలి కదా. పళ్లు బిగించుకుని కూత ఎట్లా పెడతాడు?

రెండోది వేడినీళ్లలో మెత్తబరిచి కొరికేది. పది, ఇరవై డాలర్లలో ఆటసామాన్ల షాపుల్లో దొరుకుతుంది. మనలాంటివాళ్లకు ఇది చాలావరకు సరిపోతుంది. ప్యాకెట్ మీద రాసినన్ని సెకన్లే నీళ్లలో ఉంచాలి. తీసి, నోరు కాలకుండా చూసుకుని, అద్దం ముందు నిలబడి పై పళ్లకు పెట్టి కొరకాలి. బయటినుంచి వేళ్లతో, లోపలినుంచి నాలుకతో అదమాలి. తర్వాత పరీక్ష చేసుకోండి. నోరు తెరిచినా ఊడిపోకూడదు, ఊపిరి ఆడాలి, మాట రావాలి, చిగుళ్లకు గుచ్చుకోకూడదు. కుదరకపోతే మళ్లీ చేయవచ్చో లేదో ప్యాకెట్ మీదే చూడండి.

మూడోది డెంటిస్టు మన పళ్ల అచ్చు తీసి చేయించేది. అన్నిటికంటే బాగా అతుకుతుంది, ఖర్చు వందల్లో ఉంటుంది. పళ్లకు క్లిప్పులు వేయించుకున్న పిల్లలకు మాత్రం సొంతంగా కొనకండి, క్లిప్పులు వేసిన డాక్టర్నే అడగండి.

ఒక్క మాట. మౌత్‌గార్డ్ పళ్లను, పెదవులను, నాలుకను కాపాడుతుంది. తలను కాపాడదు. గట్టి బంతితో క్రికెట్ ఆడేటప్పుడు దీన్ని చూసుకుని హెల్మెట్ మానకండి.

కొన్నాక జాగ్రత్త. హార్డ్ హ్యాట్‌ను ట్రక్కు డ్యాష్‌బోర్డు మీద ఎండలో పడేయొద్దని రోజూ అరుస్తుంటాం. దీనికీ అదే మాట. వేసవిలో మూసిన కారులో వదిలేస్తే మెత్తబడి ఆకారం పోతుంది. అందుకే వేడినీళ్లతో కడగకూడదు. ఆటకు ముందూ తర్వాతా చన్నీళ్లతో కడిగి, మెత్తటి బ్రష్‌తో తోమి, గాలి ఆడే గట్టి డబ్బాలో పెట్టాలి. తడిగా జేబులో కుక్కితే క్రిములు పెరుగుతాయి. అన్నదమ్ములైనా సరే, ఒకరిది ఇంకొకరు పెట్టుకోకూడదు. స్టెఫెన్ కర్రీ ఆట మధ్యలో మౌత్‌గార్డ్ నములుతుంటాడు, అది చూసి మన పిల్లలూ నములుతారు. నమిలితే పలచబడి చిరుగుతుంది. చిరిగినా, చిల్లు పడినా, వదులైనా మార్చేయాలి. పగిలిన హార్డ్ హ్యాట్‌ను టేపు వేసి వాడం కదా.

అయినా దెబ్బ తగిలి పెద్దవాళ్ల పన్ను ఊడి పడితే ఏం చేయాలో గుర్తుపెట్టుకోండి. పైభాగం పట్టుకుని తీయాలి, వేరు ముట్టుకోకూడదు. మట్టి ఉంటే కొంచెం నీళ్లతో కడగాలి, రుద్దకూడదు. వీలైతే అదే చోట తిరిగి పెట్టాలి. లేదంటే పాలలో వేయాలి. టిష్యూలో చుట్టకూడదు. అరగంటలో, ఎక్కువలో ఎక్కువ గంటలో డెంటిస్టు దగ్గరికి చేరాలి. పిల్లల పాలపన్ను అయితే తిరిగి పెట్టకూడదు, డాక్టరుకు చూపించాలి. మనిషి స్పృహ తప్పితే పన్ను సంగతి తర్వాత, ముందు 911.

ఇన్సూరెన్స్ లేదని నొప్పి ఓర్చుకుంటూ కూర్చోవద్దు. డల్లాస్‌లో టెక్సాస్ ఏ అండ్ ఎం వాళ్ల డెంటల్ కాలేజీ ఉంది. ఇలాంటి కాలేజీల్లో ప్రొఫెసర్ల పర్యవేక్షణలో విద్యార్థులు తక్కువ ఖర్చుకు వైద్యం చేస్తారు. మీ ఊరికి దగ్గర్లో ఏముందో ఇప్పుడే కనుక్కుని, నంబరు ఫోనులో పెట్టుకోండి.

చివరగా కమిటీవాళ్లకు ఒక విన్నపం. వచ్చే ఏడాది కబడ్డీ పోటీలకు పేర్లు రాసుకునే కాగితంలో 'మౌత్‌గార్డ్ ఉందా?' అని ఒక గడి పెట్టండి. కొనలేనివాళ్లకు టీషర్టుతో పాటు అదీ ఇవ్వండి. టీషర్టులు ఒక రంగు తక్కువ వేయించినా ఆ డబ్బు కొంత మిగులుతుంది.