దైవాస్తిత్వం – తత్వవేత్తల వాదాలు – ఒక విద్యార్థి స్పందన
(సంఘం వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగం)



నేను బి.ఏ.లో తత్వశాస్త్రం చదువుతున్నాను. "ఆ చదువుతో ఈమాన్ చెడుతుంది, జాగ్రత్త బాబూ" అని మన మొహల్లా పెద్దలు కొందరు ప్రేమతోనే హెచ్చరించారు. అందుకని, దేవుణ్ణి గురించి ఆ చదువులో ఏముందో, నాకేమనిపించిందో విన్నవించుకుంటాను.

మొదట ఇబ్నె సీనా (980–1037). ఈ సభలో వెలుగుతున్న దీపం ఉంది; లేకపోయినా వింత లేదు. అలాంటి వస్తువు ఉండాలంటే దానికి వెలుపల ఒక కారణం కావాలి. అలాంటివి ఎన్ని పోగుచేసినా ఆ మొత్తానికీ కారణం కావలసిందే. కనుక, లేకపోవడానికి వీల్లేనిది ఒకటి ఉండితీరాలి. దానినే ఆయన 'వాజిబుల్ వుజూద్' అన్నాడు.

ఇమాం గజాలీ (1058–1111) వాదం ఇంకా సూటిగా ఉంటుంది. మొదలైన ప్రతిదానికీ కారణముంది; లోకానికి మొదలుంది; కనుక లోకానికీ కారణముంది. లోకం అనాది అన్న ఇబ్నె సీనాను ఆయన గట్టిగా ఖండించాడు. ఆ గజాలీని ఇబ్నె రుష్ద్ (1126–1198) ఖండించాడు. రాత్రీ పగలూ, వానా నేలా మనిషి బతుక్కి అమరినట్లు ఉండటం చూస్తే చాలు, పామరుడికైనా సృష్టికర్త తెలుస్తాడన్నాడు. మన దేశంలో ఉదయనాచార్యులు కుండకు కుమ్మరి ఉన్నట్లే జగత్తుకు కర్త ఉన్నాడని 'న్యాయకుసుమాంజలి'లో వాదించారు.

ఐరోపాలో ఆన్సెల్మ్ అనే క్రైస్తవ గురువు, ఊహకందేవాటిలో అత్యున్నతమైనది ఊహలో మాత్రమే ఉంటే అత్యున్నతం కాదు, కనుక దేవుడు ఉన్నాడన్నాడు. "అలాగైతే అత్యుత్తమమైన దీవి కూడా ఉండాలి కదా!" అని గానిలో అనే సన్యాసి అడ్డుకున్నాడు. తలపులోని వంద నాణేలకూ నిజమైన వంద నాణేలకూ లెక్కలో తేడా లేదు, ఉనికి వేరే సంగతి అని 1781లో కాంట్ తేల్చాడు.

ఇవన్నీ చదివాక నాకు తట్టింది ఇది. గజాలీ, ఇబ్నె రుష్ద్, గానిలో – వాదాలను విరగ్గొట్టిన వీరంతా విశ్వాసులే. ఒక వాదాన్ని కాదన్నంత మాత్రాన దేవుణ్ణి కాదన్నట్టు కాదు.

ఇంకొకటి. కారణం ఉందని తెలియడం వేరు, ఆ కారణం నా మొర వింటుందని నమ్మడం వేరు. గజాలీయే 1095లో బాగ్దాదు నిజామియాలో పెద్ద ఉద్యోగం వదలిపోయాడు. ఇంద్రియాలనూ బుద్ధినీ శంకించిన రోజులు తనకున్నాయనీ, గట్టెక్కించింది వాదం కాదు, దేవుడు గుండెలో వేసిన వెలుగనీ రాసుకున్నాడు. మా నానీ ఏ వాదమూ వినలేదు. తెల్లవారుజామున ముసల్లా మీద ఆమె దువాకు లోటేమీ లేదు.

అలాగని వాదాలు వృథా కావు. నా హాస్టలు మిత్రుడొకడు చిన్నతనంలో "అల్లాహ్‌ను ఎవరు పుట్టించారు?" అని అడిగి చెంపదెబ్బ తిన్నాడు. ఇప్పుడు ఈద్‌కు తప్ప మసీదుకు రాడు. మొదలున్నవాటికే కారణం కావాలని ఆనాడు ఎవరైనా నెమ్మదిగా చెప్పి ఉంటే? ఒప్పుకునేవాడో లేదో, కనీసం మాట్లాడుతూ ఉండేవాడు.

హజ్రత్ ఇబ్రాహీం అలైహిస్సలాం కూడా మృతులను ఎలా లేపుతావో చూపమని అల్లాహ్‌నే అడిగారు, మనసు కుదుటపడటానికి. ఆ ప్రశ్నకు దెబ్బ పడలేదు, జవాబు దొరికింది.

కనుక పెద్దలకు నా మనవి: మన సంఘం గ్రంథాలయంలో ఈ పుస్తకాలకు ఒక బీరువా ఇప్పించండి. నెలకొక సాయంత్రం పిల్లల ప్రశ్నలు వినండి. తెలియనిచోట "వల్లాహు ఆలం" అనండి, మేము చిన్నబుచ్చుకోము.