పదివేల ర్యాంకుకు అటూ ఇటూ

(బల్కంపేటలో విద్యార్థులు, తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ బల్కంపేట నుండి నాలుగడుగులు వేస్తే అమీర్‌పేట కోచింగ్ సెంటర్ల బోర్డులు కనిపిస్తాయి. తమ వద్ద చదివినవారికి కొలువులు దక్కాయని అవన్నీ చాటుతాయి. ఆ కొలువు శిక్షణ వలన వచ్చిందా, లేక పట్టుదల గల పిల్లలే అక్కడ చేరడం వలన వచ్చిందా అన్నది ఏ బోర్డూ చెప్పదు. ఫీజు రీయింబర్స్‌మెంట్‌పై ప్రభుత్వ ప్రకటనలదీ ఇదే తీరు. ఎంతమందికి ఎన్ని కోట్లు ఇచ్చారో చెబుతారు; ఆ సాయమే లేకుంటే ఆ పిల్లలు ఏమయ్యేవారో చెప్పరు.

ఈ చిక్కుకు 1960లో అమెరికాలో థిసిల్‌త్‌వెయిట్, క్యాంప్‌బెల్ అనే పరిశోధకులు ఒక దారి చూపారు. అక్కడ ప్రతిభా పరీక్షలో నిర్ణీత మార్కు అందుకున్నవారికి యోగ్యతాపత్రం దక్కేది. ఆ గీతకు కాస్త పైన, కాస్త కింద ఉన్నవారి తెలివిలో పెద్ద తేడా ఉండదు కదా! కనుక గీత దగ్గర ఫలితాలు ఒక్కసారిగా తెగి పైకి లేస్తే, ఆ ఎగుడు పత్రం వలన కలిగినదే. రిగ్రెషన్ డిస్‌కంటిన్యుటీ అంటే ఇంతే.

అటువంటి గీత మన ఇంటి ముందే ఉన్నది. నిన్నటి ఎంసెట్‌లో, నేటి ఎప్‌సెట్‌లో పదివేల లోపు ర్యాంకు వచ్చిన బీసీ, మైనారిటీ విద్యార్థికి ఇంజనీరింగ్ ఫీజు మొత్తం ప్రభుత్వం చెల్లిస్తుంది. కొన్ని మినహాయింపులు పక్కనపెడితే, ఆ పైవారికి 35,000 రూపాయలే. లక్ష రూపాయల ఫీజున్న కళాశాలలో 9,990వ ర్యాంకు బిడ్డకు భారం లేదు. 10,010వ ర్యాంకు బిడ్డ తండ్రి ఏటా 65,000 తేవాలి. ఇద్దరి మధ్య తేడా ఒక మార్కులో ముక్క. వీరిలో ఎవరు చదువు పూర్తిచేశారు, ఎవరు మధ్యలో మానారు, ఎవరు చౌక కళాశాలకు సరిపెట్టుకున్నారు? ఈ లెక్క తీస్తే సాయం విలువ తేలుతుంది.

ఆదాయ పరిమితి దగ్గర మాత్రం ఈ పోలిక నిలవదు. పట్టణాల్లో రెండు లక్షల గీత ఉంటే, ధ్రువపత్రాల్లోని ఆదాయాలు దానికి కొంచెం కిందనే గుమిగూడడం ఎవరూ ఎరుగనిదా! ర్యాంకును అలా జరపడం ఎవరి చేతిలోనూ లేదు.

లెక్కల గురించి ఇంత పట్టింపు ఎందుకంటారా? 2007 చట్టం ఇచ్చిన నాలుగు శాతం రిజర్వేషన్‌ను 2010 ఫిబ్రవరిలో హైకోర్టు కొట్టివేసినప్పుడు, వెనుకబాటును నిర్ధారించిన సర్వే తీరునే తప్పుపట్టింది. మార్చిలో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో అది నిలిచింది. మేము చెప్పే పద్ధతి వెనుకబాటును నిరూపించదు, అది వేరే ప్రశ్న. సాయం తగ్గించాలన్నవారికి మాత్రం ఇది సమాధానమివ్వగలదు. ఫలితం మనకు ప్రతికూలంగా వచ్చినా దాచరాదని మా అభిప్రాయం.

దీనికి హద్దూ ఉన్నది. పదివేల దగ్గరి పిల్లల సంగతే ఇది చెబుతుంది. అరవై వేల ర్యాంకు దగ్గర ఆగిన బిడ్డ గురించి చెప్పదు. ఆ బిడ్డకు ఇంటర్‌కు ముందే వేరే సాయం కావాలి.

అందుచేత మేము కోరేది ఇది: పేర్లు తొలగించి, ర్యాంకు, వర్గం, కళాశాల, చెల్లించిన మొత్తం, డిగ్రీ పూర్తయిన సంవత్సరం పరిశోధకులకు అందుబాటులో ఉంచాలి. ఒక్క ఏడాది లెక్క చాలదు. గీతకు ఇరుపక్కలా దగ్గరగా నిలిచే ముస్లిం విద్యార్థులు ఏటా కొద్దిమందే ఉంటారు గనుక, అనేక సంవత్సరాల జాబితాలు కలిపి ఇవ్వాలి.