పొదుగుకు వచ్చిన పెట్ట
(సంఘపు ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఇటువంటి సభలలో సాహిత్యమును గురించో, సంస్కృతిని గురించో మాట్లాడుట వాడుక. మేము రైల్వేలో గుమాస్తాలము, మెట్రిక్ దాటి చదివినవారము కాము. మాకు బాగా తెలిసినది పెరటి సంగతి. కనుక ఈ పూట కోడిపెట్టను గురించి నాలుగు మాటలు మనవి చేస్తాము.

2023లో మన కాడుగోడికి మెట్రో బండి కూడా వచ్చినది. అయినా మన వాళ్ళ ఇళ్ళలో పెరడు కాస్త ఉన్నచోట నాలుగైదు నాటుకోళ్ళు తిరుగుతూనే ఉన్నవి. పిల్లల కంచములోకి గుడ్డు అక్కడినుండే రావలెను. సరిగా ఎండలు ముదిరే ఈ రోజులలోనే పెట్టలు పొదుగుకు వస్తవి. మన కన్నడ సోదరులు దీనిని 'కావు' అంటారు. కావు అంటే వెచ్చదనము. మంచి మాట.

పెట్ట రాత్రికూడా బుట్ట వదలదు. చెయ్యి పెడితే ఈకలు రేపి, క్లుక్కు క్లుక్కుమని కసురుతుంది. రొమ్ము ఈకలు పీకి బుట్టలో పరుచుకొంటుంది. రోజుకొకసారి మాత్రము లేచి నాలుగు గింజలు తింటుంది. ఇది జబ్బు కాదు, మొండితనమూ కాదు. ప్రొలాక్టిన్ అను రసము ఒంటిలో హెచ్చుటవలన కలుగు స్థితి. అది ఉన్నంతకాలము గుడ్డు పెట్టదు.

ఇక ఇంటివారికి రెండే దారులు. పొదగవేయుట, లేదా మాన్పుట. ఈ సంగతి రెండు మూడు రోజులలో తేల్చుకొనవలెను. బండిని ఔటర్ సిగ్నలు దగ్గర నిలబెట్టి లైను ఇవ్వక, వెనుకకూ పంపక ఊరుకొంటే ఏమగునో మా వాళ్ళకు తెలుసు. ఇదీ అంతే. చూద్దాములే అని వదిలేసిన పెట్ట వట్టి బుట్టలో వారాలకొద్దీ కూర్చుని చిక్కిపోతుంది, పేలు పట్టుతుంది. తక్కిన పెట్టలు అదే బుట్టలో గుడ్లు పెడితే పాతవీ కొత్తవీ కలిసి అన్నీ పాడగును. ఇంట గుడ్లూ ఉండవు, పిల్లలూ ఉండవు.

నాటుపెట్ట ఏడాదికి పెట్టేది సుమారు 50, 60 గుడ్లు. నాలుగు పెట్టలనూ ఒక్కసారి పొదగనిస్తే, 21 రోజుల పొదుగు, ఆపైన పిల్లల పెంపకము కలిసి రెండు నెలలకు పైగా ఇంట గుడ్డు కనబడదు. కాబట్టి మేము చెప్పునది, ఒకదానిని పొదగవేయండి, తక్కినవాటిని మాన్పండి.

మాన్పుటకు నీళ్ళలో ముంచుట, ముక్కులో ఈక గుచ్చుట, కాలికి తాడు కట్టి ఎండలో వేయుట మన పల్లెలలో ఉన్నవి. అమ్మలారా, అవి వద్దు. అడుగున కమ్మీలు గానీ జాలీ గానీ ఉన్న పంజరమును రెండిటుకల ఎత్తున నిలిపి, పెట్టను అందులో ఉంచండి. గడ్డి వేయరాదు. వెలుతురు, మేత, నీళ్ళు నిండుగా ఉండవలెను. పొట్టకు క్రిందినుండి గాలి తగిలితే పొదుగు వేడి దిగును. మూడు నాలుగు రోజులకు వదలి చూడండి. మళ్ళీ బుట్టకే పరుగెత్తితే ఇంకో రెండు రోజులు ఉంచండి. మొదటి రోజులలోనే పట్టుకొన్న పెట్ట త్వరగా మళ్ళును, సుమారు రెండు వారాలలో తిరిగి గుడ్డు పెట్టును.

పొదగవేయుటకు పుంజు కలిసిన గుడ్లే కావలెను. అంగడి గుడ్లు పుంజులు లేని ఫారములవి. వాటిపై ఎన్నాళ్ళు కూర్చున్నా పిల్ల రాదు. వారము లోపలి గుడ్లు తొమ్మిది మొదలు పన్నెండు వరకు, పెట్ట రెక్కల క్రింద ఇమిడినన్నే, రాత్రి వేళ పెట్టండి. ఉరుములకు చెడకుండా బుట్టలో ఇనుపముక్క, బొగ్గు పెట్టుట మన ఆచారము. పెడితే నష్టము లేదు. కానీ వేసవిలో గుడ్లను చెడగొట్టునది ముఖ్యముగా వేడి. పొదగకముందే వేడి గదిలో ఉంచితే లోపలి పిండము కొంత కదిలి చచ్చును. తడి ఇసుకపై మట్టికుండ నిలిపి అందులో దాచండి. బెంగుళూరు సముద్రమట్టమునకు 900 మీటర్లకు పైన ఉండుటచేత మన సొంత ఊళ్ళకన్న ఇక్కడ ఈ బాధ తక్కువే.

ఏడవ రోజున చీకటిలో టార్చిలైటుకు గుడ్డు పట్టి చూడండి. సాలెగూడువలె ఎర్రని నరాలు కనబడితే ప్రాణమున్నట్లు. తేటగా ఉన్నవాటిని తీసివేయండి. 18వ రోజు తరువాత చెయ్యి పెట్టరాదు. పిల్లలు పుట్టిన వెంటనే మేతకు తొందర లేదు, కడుపులోని పచ్చసొన ఒకటి రెండు రోజులు నడుపును. వారము లోపల పశువైద్యశాలలో అడిగి కొక్కెర తెగులుకు కంట్లో చుక్కల మందు వేయించండి. గద్దకూ పిల్లికీ అందకుండా కొన్నాళ్ళు గంప మూత తప్పదు.

మా ఆశ ఇంకొకటి ఉన్నది. మన హెబ్బాళలో తయారైన గిరిరాజ, హైదరాబాదు రాజేంద్రనగరులో తయారైన వనరాజ, గ్రామప్రియ కోళ్ళు నాటుకోళ్ళకన్న ఎక్కువ గుడ్లు పెడతవి. కానీ అవి సాధారణముగా పొదగవు. వాటి ఒకరోజు పిల్లలను కొని తెచ్చి, రెండు మూడు వారాలుగా కూర్చున్న నాటుపెట్ట క్రింద రాత్రివేళ మెల్లగా జారవిడిస్తే, తెల్లవారేసరికి తనవే అనుకొని రెక్కలు చాచును. కరెంటు పోయినా ఆ వెచ్చదనము పోదు. అందుచేత గుడ్లు తక్కువని నాటుపెట్టలనన్నిటినీ కూరకు పంపకండి. శాంతమైన తల్లికోడి ఒక్కటైనా ఇంట ఉండవలెను. అది లేని పొరుగువారికి కూడా పనికివచ్చును.

ఈరోజు ఇంటికి వెళ్ళి బుట్టలో చూడండి. పెట్ట కూర్చుని ఉంటే రాత్రికి ఒక నిర్ణయము చేయండి. గుడ్లు పెట్టితే కొత్త పంచాంగములో తారీఖు గుర్తు వేసి, 21 రోజులు లెక్క పెట్టుకొనండి.