ఆ పిల్లలు బడికెందుకు రావడం లేదు?

 

తెలుగు బడి స్నాతకోత్సవానికి వచ్చిన ముఖ్య అతిథి అమ్మభాష గొప్పదనం చెప్పాలని ఆనవాయితీ. పట్టాలు అందుకుంటున్న పిల్లలూ, అది మీ గురువులు నాకంటే బాగా చెప్పే ఉంటారు. నేను పని గురించి మాట్లాడతాను. ఎవరు చేస్తున్నారు, ఎవరు చేయించుకుంటున్నారు, మధ్యలో మనం ఎక్కడున్నాం అని.

1999 నవంబరులో, మన కాలిఫోర్నియాలోనే, ఇక్కడికి గంట ప్రయాణం దూరంలో ఉన్న బర్క్లీలో, ఒక అపార్ట్‌మెంటులో హీటరు గొట్టం పూడుకుపోయి కార్బన్ మోనాక్సైడ్ నిండింది. పదిహేడేళ్ళ తెలుగమ్మాయి చనిపోయింది. చెల్లెలు బతికింది. కార్పెట్‌లో చుట్టిన మనిషిని కొందరు వ్యానులోకి ఎక్కిస్తుంటే ఆ దారిన కారులో పోతున్న ఒకావిడ చూసింది. మనకెందుకులే అనుకోలేదు. ఆగి, ఇంకో కారును ఆపి, పోలీసులకు ఫోను చేయించింది. అయినా అప్పటికి అది గ్యాస్ ప్రమాదంగానే మిగిలింది.

డిసెంబరులో బర్క్లీ హైస్కూలు విద్యార్థుల పత్రికలో ఒక వార్త వచ్చింది. రాసింది ఇద్దరు అమ్మాయిలు. వాళ్ళకు వచ్చిన సందేహం చాలా చిన్నది: ఆ అక్కచెల్లెళ్ళు మన ఈడు పిల్లలే కదా, మరి మన బడికెందుకు రావడం లేదు? ఆ ఒక్క ప్రశ్న పట్టుకుని ఊళ్ళోని దక్షిణాసియా వాళ్ళను అడిగితే వెట్టిచాకిరీ మాట బయటికొచ్చింది. ఆ తర్వాత నెలలోనే ఫెడరల్ కేసు. ఆ అపార్ట్‌మెంటు యజమాని, అప్పటి కృష్ణా జిల్లా వెల్వడం నుంచి వచ్చిన లకిరెడ్డి బాలిరెడ్డి. బర్క్లీలో వెయ్యికి పైగా అపార్ట్‌మెంట్లు, ఒక రెస్టారెంటు ఆయనవి. దొంగ వీసాల మీద మనుషుల్ని తెప్పించి వాటిలో పని చేయించాడు. మైనరు ఆడపిల్లల మీద లైంగిక నేరాలకు పాల్పడ్డాడు. 2001లో నేరం ఒప్పుకున్నాడు. 97 నెలల జైలుశిక్ష పడింది. సొంత ఊళ్ళో ఆయన బడులు కట్టించిన దాత. దీని మీద నేను వ్యాఖ్యానించక్కర్లేదు.

ఇదంతా జరిగింది అమెరికాలోకెల్లా అభ్యుదయ భావాలకు పేరుపడ్డ ఊళ్ళో. ఏళ్ళ తరబడి జరిగింది. దోపిడీ అంటే టెక్సాస్‌లోనో అలబామాలోనో టోపీ పెట్టుకున్న తెల్లాయన చేసే పని అని మీ లంచ్ బల్ల దగ్గర ఎవరైనా అంటే బర్క్లీ సంగతి చెప్పండి. ఆ రెస్టారెంటులో దోసెలు తిన్నవాళ్ళలో మనవాళ్ళూ ఉన్నారని కూడా చెప్పండి.

పార్టీ పేరు చూసి మనిషి గుణం చెప్పేయడం ఈ దేశంలో జబ్బులా తయారైంది. 2012లో రిపబ్లికన్ అభ్యర్థి మిట్ రామ్నీ 47 శాతం మంది ప్రజలు తమ బతుకు బాధ్యత తాము తీసుకోరు అన్నాడు. 2016లో డెమొక్రాట్ అభ్యర్థి హిల్లరీ క్లింటన్ ట్రంప్ అభిమానుల్లో సగం మందిని ఏహ్యమైన బాపతు అంది. నాకైతే రెండూ ఒకే అహంకారం. పేదల సంక్షేమ సాయానికి గడువులు, షరతులు పెట్టిన 1996 నాటి చట్టం పేరులోనే 'వ్యక్తిగత బాధ్యత' ఉంది. దాని మీద సంతకం పెట్టింది ఏ రిపబ్లికనో కాదు, డెమొక్రాట్ బిల్ క్లింటన్.

2020 నవంబరు 3 చూడండి. ఫ్లోరిడా ట్రంప్‌ను గెలిపించింది. అదే రోజు అదే జనం, అరవై శాతం పైగా, కనీస వేతనాన్ని దశలవారీగా 15 డాలర్లకు పెంచాలని ఓటేశారు. మన కాలిఫోర్నియా బైడెన్‌కు భారీ మెజారిటీ ఇచ్చింది. అదే రోజు ఊబర్, లిఫ్ట్, డోర్‌డాష్ వాళ్ళ దగ్గర పనిచేసే డ్రైవర్లు ఉద్యోగులు కారని తీర్మానించే ప్రొపొజిషన్ 22ను 58 శాతంతో నెగ్గించింది. దాని ప్రచారానికి ఆ కంపెనీలు 20 కోట్ల డాలర్లు గుమ్మరించాయి. ఇప్పుడు చెప్పండి, ఎవరు కరుణామయులు?

ఇక బాధ్యత మాట. మీ ఇళ్ళల్లో రోజూ వినే ఉంటారు, కష్టపడితే ఎవరైనా పైకొస్తారు అని. మీ అమ్మానాన్నలు కష్టపడ్డారు, అందులో అబద్ధం లేదు. అయితే మాలో చాలామందిమి ఇండియాలో సర్కారు ఖర్చుతో ఇంజనీరింగు చదువుకుని విమానం ఎక్కినవాళ్ళం. అది చెప్పడం మర్చిపోతుంటాం.

మరి కష్టపడ్డ ఈ పిల్లల సంగతి చూడండి. 2023లో అమెరికా కార్మిక శాఖ ఒక కేసు తేల్చింది. ప్యాకర్స్ శానిటేషన్ అనే కంపెనీ ఎనిమిది రాష్ట్రాల్లోని మాంసం ఫ్యాక్టరీలను రాత్రిపూట కడిగించడానికి 102 మంది పిల్లల్ని పెట్టుకుంది. పదమూడేళ్ళవాళ్ళున్నారు. అంటే ఈ ముందు వరుసలో కూర్చున్నవాళ్ళ ఈడు. ఘాటు రసాయనాలతో ఎముకలు కోసే రంపాలనూ, పశువుల తలలు చీల్చే యంత్రాలనూ కడిగారు. ఒళ్ళు కాలినవాళ్ళున్నారు. జరిమానా ఎంతో తెలుసా? ఒక్కో చిన్నారి లెక్కన 15,138 డాలర్లు. చట్టం అప్పట్లో వేయనిచ్చిన గరిష్ఠం అదే. ఆ పిల్లలకు కష్టపడమని ఎవరు పాఠం చెప్పాలి? బాధ్యత కరువైంది వాళ్ళకు కాదు. ఆ పసి ముఖాలు చూసి కూడా, వయసు ఎక్కువ చూపే దొంగ కాగితాలు నమ్మినట్టు నటించి పనికి పెట్టుకున్నవాళ్ళకు.

మన గడప లోపలికి వద్దాం. ఎమ్మెస్ చదవడానికి వచ్చిన కుర్రాడు మనవాళ్ళ గ్యాస్ స్టేషన్‌లో, మనవాళ్ళ బిర్యానీ హోటల్లో రాత్రిళ్ళు నిలబడతాడు. చేతికి నగదు, అదీ కనీస వేతనం కన్నా తక్కువ. అడిగితే 'సాయం చేస్తున్నాం కదా తమ్ముడూ' అంటారు. వీసా పోతుందన్న భయంతో అతను నోరు మెదపడు. ఆ భయమే యజమానికి లాభం. ప్రాజెక్టు లేదని హెచ్‌1బి ఉద్యోగికి జీతం ఎగ్గొట్టే కన్సల్టెన్సీలూ మనవే. ప్రాజెక్టు ఉన్నా లేకపోయినా జీతం ఇవ్వాలని చట్టం చెబుతోంది. ఇంట్లో పసిపిల్లల్ని చూసుకునే ఆయాకు రోజుకు తొమ్మిది గంటలు దాటితే ఓవర్‌టైమ్ ఇవ్వాలని కాలిఫోర్నియాలో 2014 నుంచి చట్టం ఉంది. ఈ హాల్లో ఎంతమంది ఇస్తున్నారో చేతులెత్తమని అడగను. ఇంత మంచి రోజున గొడవెందుకు.

పిల్లలూ, మీకు తెలుగు వచ్చు. హోటల్ వంటగదిలో, గ్యాస్ స్టేషన్ కౌంటర్ వెనకాల ఉన్న మనిషి మీతో మనసు విప్పి మాట్లాడగలడు. ఎన్ని గంటలు చేస్తున్నావు అన్నా, జీతం ఇస్తున్నారా అని అడగండి. ఇవ్వడం లేదంటే కార్మిక శాఖలో వేజ్ అండ్ అవర్ డివిజన్ ఉందని చెప్పండి. చేసిన పనికి జీతం రాబట్టడానికి వాళ్ళు వీసా స్థితితో నిమిత్తం లేకుండా ఫిర్యాదు తీసుకుంటారు. నంబరు 1-866-487-9243. ఫోనుల్లో రాసుకోండి. పెద్దలు కూడా రాసుకోవచ్చు.