పరదేశోద్యోగము - పుట్టినచోటి వరుస



సుక్మాలో బస్సెక్కి కుంట మీదుగ చింతూరు చేరువానికి రాష్ట్రము మారినను అనుమతిపత్రముతో పనిలేదు. ఆ యువకుడే అమెరికాలో ఇంజనీరు కాదలచినచో చేయబోవు పనికి తగిన పట్టమో, తత్సమానమగు అర్హతయో ఉండవలెను. అతని తరఫున యజమాని దరఖాస్తు చేయవలెను. హెచ్-1బి వీసాల సాధారణ పరిమితి ఏటికి 65,000. అచ్చటి ఉన్నతపట్టము గలవారికి మరి 20,000. గడువు సాధారణముగ ఆరేండ్లు.

అసలు నిరీక్షణ ఆపైనిది. శాశ్వత నివాసమునకు 1990 నాటి చట్టము ఒక్కొక్క దేశమునకు సాధారణముగ ఏడు శాతము మించనీయదు. భారతదేశమునకును ఐస్లాండునకును ఒకే కుంచము! దేశపు లెక్కయు పౌరసత్వమును బట్టి కాదు, పుట్టినచోటును బట్టి. భార్యయో భర్తయో అన్యదేశమున జన్మించినచో ఆ దేశపు వరుసలో నిలువవచ్చును. పెండ్లి సంబంధములు చూచువారు జాతకములలో ఈ గ్రహమును వెదకరు.

2025 జూలైలో, ఉన్నతపట్టముల శ్రేణియందు, 2013 జనవరికి పూర్వము నమోదైన భారతజన్ములకే వంతు వచ్చినది. ఈలోగా బిడ్డలు పెరుగుదురు. చట్టము లెక్కించు వయస్సు 21 నిండినచో వారు తలిదండ్రుల దరఖాస్తునుండి తొలగుదురు. అయిదవ యేట అచ్చటికి పోయిన బాలిక, తాను పెరిగిన ఊరిలోనే చదువు సాగించుటకు విదేశీ విద్యార్థి వీసా కోరవలసివచ్చును.