డిగ్రీ చదువుకుంట డాక్టరు పరీక్ష మళ్లెప్పుడు రాయాలె?

(తాండూరులో ఇంటర్, డిగ్రీ చదివే పిల్లల తల్లిదండ్రుల ముందు మాట్లాడిన మాటలు)



మేం లేచి నిలబడకముందే ముందు వరుసల కూసున్న తల్లి ఒక మాట అడిగింది. "సారూ, మా పిల్ల నీటు పరీక్ష రాసింది, సీటు రాలే. డిగ్రీల చేర్పించినం. మళ్ల రాస్త అంటున్నది. రాయనియ్యాల్నా, వద్దా? రాయనిస్తే ఈ ఏడా, డిగ్రీ అయినంకనా?" మేం రాసుకొచ్చిన ఉపన్యాసం సంచిలనే ఉంది, ఉండనియ్యండి. ఇవాళ ఈ తల్లి అడిగిన దాని గురించే మాట్లాడుకుందాం.

ఉన్నోళ్ల ఇండ్లల్ల ఇది ప్రశ్నే కాదు. కొడుక్కు సీటు రాకుంటే లాంగ్‌టర్మ్ అని ఒక ఏడు, అదీ కాకుంటే ఇంకో ఏడు, హాస్టలుకు లక్షలు కట్టి కూసోబెడతరు. మన ఇంట్ల ఏడాది అంటే ఒక మనిషి కూలి. ఆడపిల్లయితే ఏడాది అంటే ఇంకా నాలుగు సంబంధాలు. అందుకే మనం ఎక్కువ లెక్క చూసుకోవాల్సి వస్తది.

ముందు మా సంగతి చెప్తాం. మేము 1997లో ఇంటర్ బైపీసీ అయి ఎంసెట్ రాసినం. అప్పుడు తెలంగాణ మొత్తంలో సర్కారు మెడికల్ కాలేజీలు మూడే: ఉస్మానియా, గాంధీ, కాకతీయ. సీటు రాలేదు. మా అయ్య నాపరాతి గనిల పని చేసేటోడు. ఇంట్ల కాలేజీ మెట్లు ఎక్కింది మేమే మొదలు. బీఎస్సీల చేరినం. చేరి, ఎవ్వరికీ చెప్పకుండ మళ్లా ఎంసెట్‌కు ఫీజు కట్టినం. పొద్దున రైల్ల తాండూరు నుంచి వికారాబాద్ పోవుడు, సాయంత్రం వచ్చి చిన్న పిల్లలకు ట్యూషన్ చెప్పుడు, రాత్రి కందెన దీపం కాడ ఎంసెట్ పుస్తకం. మా డిగ్రీ బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ. ఫిజిక్స్ పుస్తకం ఏడాది పొడుగునా తెరవలేదు. ఏమైంది? ర్యాంకు మొదటిసారి కంటె వెనక్కి పోయింది. డిగ్రీల రెండు పేపర్లు తప్పినయి. రెండు పడవల మీద కాళ్లు పెట్టినమని ఊరోళ్లు నవ్విండ్రు. మాకు ఇప్పుడు అనిపించేది వేరు. రెండు పడవలు ఎక్కుడు తప్పు కాదు. ఇంట్ల చెప్పకుండ, లెక్క వేసుకోకుండ ఎక్కుడు తప్పు. చెప్పి ఉంటే మా అయ్య ట్యూషన్లన్నా మాన్పిచ్చేటోడు.

లెక్క అంటే ఏంది? నీట్‌ల 180 ప్రశ్నలు, 720 మార్కులు. ఒప్పుకు నాలుగు, తప్పుకు ఒకటి కోత. బయాలజీకి 90 ప్రశ్నలు, ఫిజిక్స్‌కు 45, కెమిస్ట్రీకి 45. బీఎస్సీ చదివే పిల్లలు అనుకుంటరు, మేం ఎట్లాగూ బోటనీ, జువాలజీ చదువుతున్నం, అదే దీనికీ పనికొస్తదని. రాదు బిడ్డా. నీట్ అడిగేది ఇంటర్ పుస్తకం. డిగ్రీ పాఠం వేరే తొవ్వ పట్టుకొని పోతది. మన పిల్లలు ఎక్కువ మంది బయాలజీల నిలబడి ఫిజిక్స్‌ల పడిపోతున్నరు. అందుకని పోయినసారి మార్కుల కాగితం ముందు పెట్టుకొని ఏ సబ్జెక్టుల ఎంత పోయిందో చూడాలె. బయాలజీ బాగుండి ఫిజిక్స్ పోతే అది ఒక ఏడాదిల సరిచేసుకునే రోగం. మూడూ సగానికి సగం పోతే డిగ్రీ పక్కన పెట్టి కూసున్నా ఏడాది చాలకపోవచ్చు. ఇది చేదు మాటే. అయినా సారు అన్నోడు చెప్పాలె.

ఇప్పుడు తేదీల సంగతి. నీట్ మే నెల మొదట్ల వస్తున్నది. డిగ్రీ సెమిస్టర్ పరీక్షలూ ఆ ఎండల దగ్గర్లనే. డిగ్రీల హాజరు 75 శాతం లేకుంటే పరీక్షకు రానియ్యరు, ఫీజు రీయింబర్స్‌మెంటూ ఆగుతది. పేరు ఇక్కడ డిగ్రీల ఉంచి, మనిషి హైదరాబాద్‌ల కోచింగ్‌ల ఉంటే రెండూ పోతయి. చానామంది పిల్లలు ఇట్లనే చెడుతున్నరు.

మరి తొందరెందుకు? వయసు దాటిపోతదని భయం. ఆ భయం ఇప్పుడు అక్కర లేదు. నీట్‌కు ఉన్న పై వయసు హద్దును 2022లో తీసేసిండ్రు. ఇన్నిసార్లే రాయాలన్న లెక్క కూడా లేదు. డిగ్రీ పూర్తి చేసి ఇరవై ఒకటో ఏట చేరినా, నాలుగున్నరేండ్ల చదువు, ఏడాది హౌస్ సర్జన్ అయి, ఇరవై ఏడు నిండేటప్పటికి డాక్టరైతది. మన వాడల ఇరవై ఏడేండ్లంటే ముసలితనమా? ఒక్కటి మాత్రం ముందే తెలుసుకోవాలె. ఒక డిగ్రీకి స్కాలర్‌షిప్ తీసుకున్నంక ఇంకో డిగ్రీకి వస్తదా అన్నది జిల్లా ఎస్సీ అభివృద్ధి శాఖ ఆఫీసుల అడిగి, జవాబు కాగితం మీద తీసుకోవాలె. నోటి మాట వద్దు.

కాగితం అంటే బాబాసాహెబ్ యాదికొస్తున్నడు. 1916లో లండన్ పోయి చదువుల చేరిండు. 1917లో బరోడా స్కాలర్‌షిప్ గడువు అయిపోయింది, చదువు నడుమల వదిలి తిరిగి రావాల్సి వచ్చింది. వచ్చేముందు ఏం చేసిండు? నాలుగేండ్లలోపు మళ్లొచ్చి పూర్తి చేసుకునేటట్టు యూనివర్సిటీ అనుమతి తీసుకొని వచ్చిండు. బొంబాయిల సిడెన్‌హామ్ కాలేజీల పాఠాలు చెప్పి, పైసలు కూడబెట్టి, 1920లో మళ్ల పోయిండు. 1923లో డీఎస్సీ పట్టా. నడుమల మూడేండ్లు పోయినయని మనం ఏనాడన్నా అనుకున్నమా? మన పిల్లలు డిగ్రీ నడుమల ఆపాల్సి వస్తే, మళ్ల ఏ ఏడాదిల చేరవచ్చో ప్రిన్సిపాల్ దగ్గర రాయించుకొని ఆపాలె. ఇంకోటి: ఒరిజినల్ సర్టిఫికెట్లు పట్టుకొని ఆపే హక్కు కాలేజీకి లేదు. యూజీసీ 2018లోనే ఆ మాట చెప్పింది. సర్కారు రీయింబర్స్‌మెంటు బాకీ పడ్డదని పిల్ల టీసీ బీరువల పెట్టుకునే కాలేజీలు ఉన్నయి. బాకీ సర్కారుది, జప్తు మన బిడ్డది. ఇట్ల అయితే ఒక్కరే పోకుండ్రి, సంఘంతో పోండ్రి.

తాండూరు వాళ్లకు ఒక ముచ్చట విడిగ చెప్పాలె. మనది కర్ణాటక పక్కన ఊరు. సేడం, గుల్బర్గా, బీదర్ దగ్గరని పిల్లల్ని అక్కడ ఇంటర్‌ల వేస్తున్నరు. 2024లో వచ్చిన 33వ జీవో ప్రకారం ఇంటర్ దాకా నాలుగేండ్లు వరుసగ తెలంగాణల చదివినోళ్లే ఇక్కడ స్థానికులు. 2025 సెప్టెంబర్‌ల సుప్రీంకోర్టు దాన్ని నిలబెట్టింది. ఇంటర్ అయినంక కోచింగ్‌కు ఏ రాష్ట్రం పోయినా ఫరక్ లేదు. ఇంటర్ మాత్రం ఇక్కడనే చదివించుండ్రి. ఎస్సీ వర్గీకరణ చట్టం 2025 ఏప్రిల్ 14 నుంచి అమల్లకు వచ్చింది. మూడు గ్రూపులు: ఒకటి, తొమ్మిది, అయిదు శాతం. అందుకని అంతకు ముందు ఏండ్ల ఎస్సీ చివరి ర్యాంకు చూసి ఆశపడొద్దు, నిరాశపడొద్దు. గ్రూపు రాసిన కుల సర్టిఫికెట్ ముందే తీసి పెట్టుకోండ్రి.

ఈ పరీక్ష కాడ మనకు గాయం ఉన్నది. తమిళనాడుల అరియలూరు జిల్లా అనిత, కూలి పని చేసే దళితుని బిడ్డ. పన్నెండో తరగతిల 1200కు 1176 మార్కులు. నీట్ పెట్టి ఆ మార్కులు చెల్లవన్నరు. సుప్రీంకోర్టు దాకా పోయింది. 2017 సెప్టెంబర్ 1న ప్రాణం తీసుకుంది. ఆ తర్వాత 2020లో అక్కడి ప్రభుత్వం సర్కారు బడి పిల్లలకు 7.5 శాతం సీట్లు కేటాయించింది. మన దగ్గర కూడా అడగాలె. అడుగుడు మన పని, రాసుడు పిల్లల పని. ఒక పరీక్ష కోసం బిడ్డ ప్రాణం మీదికి తెచ్చుకునేటట్టు ఇంట్ల ఎవ్వరూ మాట్లాడొద్దు. "నీ మీద ఇంత ఖర్చు పెట్టినం" అన్న మాట నోటికి రావద్దు.

అయితే సీటు వద్దని ఎందుకు అనలేం? మన పెద్దోళ్లు రాతి దుమ్ము మింగి, దగ్గి దగ్గి, అనంతగిరి టీబీ దవాఖానకు పోయినోళ్లు. చెయ్యి పట్టి నాడి చూసిన డాక్టర్లల మన వాడ మనిషి ఎంతమంది? ఇప్పుడు 2023లో వికారాబాద్‌లనే సర్కారు మెడికల్ కాలేజీ వంద సీట్లతో మొదలైంది. అందుల పదిహేను అఖిల భారత కోటాకు పోతే, మిగిలిన 85ల ఎస్సీలకు పన్నెండు, పదమూడు. మన రైల్ల గంట తొవ్వ.

అమ్మా, ఇప్పుడు నీ బిడ్డ సంగతి. మేం మార్కుల కాగితం చూసినం. బయాలజీ బాగుంది, ఫిజిక్స్ పోయింది. మా మాట ఇది. డిగ్రీ ఆపొద్దు, ఈ ఏడు రాయనియ్యి. నెలకు ఒక ఆదివారం పాత పేపరు పెట్టి మూడు గంటలు కూసోబెడతం. సంక్రాంతి దాకా ఫిజిక్స్ లేస్తే, మేల తెలుస్తది. దగ్గరకొచ్చి ఆగితే, కాగితం రాయించుకొని ఒక్క ఏడాది పూర్తిగ దానికే ఇద్దాం. లేవకుంటే డిగ్రీ పూర్తి చేసి అప్పుడు చూద్దాం, నర్సింగు, వెటర్నరీ తొవ్వలూ అడుగుదాం. ఈ నడుమ సంబంధం మాట ఎత్తొద్దు. తమ్ముని చదువు ఆపొద్దు. ఎకరం అమ్మొద్దు. సాయంత్రం వంట పని మాత్రం ఇంట్ల మగోళ్లు పంచుకోవాలె. అయ్యా, వెనక నిలబడ్డవు, నీకే చెప్తున్నం.

2025లో మన పిల్లలకు దరఖాస్తు ఫీజు వెయ్యి రూపాయలు. పేపరు తెలుగుల కూడా దొరుకుతది, దరఖాస్తులనే తెలుగు అని పెట్టుకోవాలె. అర్థంల తేడా వస్తే ఇంగ్లీషుదే చెల్లుతది, రెండూ పక్కపక్కన చదువుడు అలవాటు చేసుకోవాలె. వచ్చే ఆదివారం పొద్దున పది గంటలకు మా బడి తాళం తీసి ఉంటది. పోయినసారి మార్కుల కాగితం, ఇంటర్ ఫిజిక్స్ పుస్తకాలు రెండూ పట్టుకొని రాండ్రి. గడియారం ఉన్నోళ్లు తెచ్చుకోండ్రి, మా గోడ గడియారం ఆగిపోయింది.